చెన్నబసప్ప రాసిన ఊర్ల పేర్లు

ఏందీ? ఆదివారం తిరిగొస్తం, చిరాగ్‌పల్లి దిక్కు చూసేటియి ఏమన్న ఉన్నయా తాతా అంటవా? ఎందుకు లెవ్వు, మస్తున్నయి. ఫోన్ల చూస్తే ఏమొస్తది బిడ్డా, గది పెట్రోల్ బంకులు చూపెడ్తది, దాబాలు చూపెడ్తది. కొడితే గంట మోగినట్టు మోగే రాతి గుండు ఉన్నది, గది చూపెడ్తదా? చూపెట్టదు. కూసో. ఆ స్టూలు మీద వద్దు, దాని కాలు ఊగుతది, గీ మంచం మీద కూసో. ఊర్ల సంగతి అడగాల్నంటే నన్ను గాదు, పెయింటర్ చెన్నబసప్పను అడగాలె. ఆయన పోయి ముప్పై ఐదేండ్లు దాటె. నువ్వేడ చూస్తవ్, మీ అమ్మనే అప్పుడు రిబ్బన్లు కట్టుకొని బడికి పోతుండె.

బజార్ల నా సైకిల్ షాపు ఉండె గద, కిరాయి సైకిళ్లది, దాని పక్కకే ఆయన దుకాణం. దుకాణమంటే ఏముంటది, నాలుగు రేకులు, రంగు డబ్బలు, ఒక వెదురు నిచ్చెన, గంతే. మనిషి పొడుగు. పొడుగంటే గట్లిట్ల కాదు, నా షాపు గడప కాడ వంగి వచ్చేటోడు. చెవ్వు మీద ఎప్పటికీ కుంచె. వాళ్ల తాతలు బీదర్ దిక్కు నుంచి వచ్చిన్రు, ఇంట్ల కన్నడం. చదివింది నిజాం జమానల ఉర్దూ బడి. తెలుగేమో బోర్డులు రాసుకుంట నేర్చుకున్నడు. అందుకే మూడు రాతలు రాసేటోడు, తెలుగు, ఉర్దూ, కన్నడం. మన బజార్ల ఏ బోర్డు చూసినా ఆయనదే. అక్షరం మీద మస్తు పట్టింపు. 'ళ' రాసిండంటే దాని తోక ఇట్ల తిప్పి, వెనకకు జరిగి, తల వంచి చూసుకొని, నన్ను పిలిచేటోడు. "ఏ జగనూ, ఇక్కడ రా అప్పా, ఇది చూడు, నెమలి లెక్క లేదా?" నేను గ్రీసు చేతులతోటి పోయి "ఉన్నదన్నా, నెమలే" అనాలె. అనకుంటే మల్ల చెరిపి రాస్తడు.

ఒకసారి ఏమైందో చెప్త ఆగు, అసలు ముచ్చట తర్వాత చెప్త. ఊరికి కొత్తగ పండ్ల డాక్టర్ వచ్చిండు. పండ్లంటే నోట్ల పండ్లు. బోర్డు రాయమని చెప్పి హైదరాబాద్ పోయిండు. మల్ల వచ్చి చూస్తే ఏమున్నది, పేరు మంచిగ ఉన్నది, దాని పక్కకు మామిడిపండు, అరటిగెల, ద్రాక్షగుత్తి, ఇంత పెద్ద సీతాఫలం! డాక్టర్ నెత్తి కొట్టుకున్నడు. "ఏందయ్యా ఇది, నేను బండి మీద జామకాయలమ్మెటోని లెక్క కనిపిస్తున్ననా?" చెన్నబసప్ప గాబరైండు. "పండ్లు అంటివి గద సార్. పండు అంటే మాకు హణ్ణు." బజారంతా నవ్వింది. కానీ ఆ డాక్టర్ దొడ్డ మనిషి, సీతాఫలం మస్తు మంచిగొచ్చిందని దాన్ని అట్లనే ఉంచి, తక్కినయి చెరిపిచ్చిండు. చానా ఏండ్లు మేము ఆ దవాఖానను సీతాఫలం దవాఖాన అనేటోళ్లం.

సరే. ఆయనకు ఒక్కతే చెల్లె. నాగమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే ఈయననే సాదిండు. జడలేసుడు కూడ ఈయననే. పెయింటర్ చెయ్యి గద, పాపెడ తాడు పెట్టి గీసినట్టు తీసేటోడంట. ఆ పిల్లను చింతల్‌గేరకు ఇచ్చిన్రు, గురులింగప్పకు. చింతల్‌గేర అంటే నీకు తెల్వది. బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి దాటినంక ఎడమ చేతికి ఒక బండ్ల బాట దిగుతది, ఆ బాట పట్టుకొని మైలున్నర పోతే నలభై ఇండ్లు. ఎర్ర మన్ను, ఎర్ర రాయి, ఇండ్ల గోడలు గూడ ఎర్రగనే ఉంటయి. వాన కొట్టిన మర్నాడు పోవాలె, ఊరంతా కుంకుమల ముంచి తీసినట్టుంటది. రోడ్డు మీద ఊరి పేరు ఉండదు, పేరు రాసిన రాయి ఉండదు, ఏం ఉండదు. గుర్తల్లా మలుపు కాడ ఒక పెద్ద చింత చెట్టు. ఎవ్వరిని అడిగినా "చింత చెట్టు కాడ మళ్లు" అంటరు, గంతే. నాగమ్మ సంతకు వచ్చిందంటే అన్నకు జొన్నరొట్టెలు, పుంటికూర మూట కట్టుక వచ్చేది. నాకు గూడ రెండు పెట్టేది. "జగనన్నా, మా అన్న తింటడా సరిగ్గ, రంగు డబ్బల కాడ పడి ఉంటడా?" అని గుసగుసగ నన్ను అడిగేది. ఆయన వినుకుంటనే విననట్టు కుంచె కడుగుతుండె.

డెబ్బై నాలుగుల, ఆషాఢం నెల. సదాశివ సేటు కొత్త బట్టల దుకాణం పెడ్తున్నడు. తెల్లారితే ముహూర్తం. బోర్డు సగమే అయింది. పన్నెండు ఫీట్ల బోర్డు, చెన్నబసప్ప నిచ్చెన మీద, నేను కింద నిచ్చెన పట్టుకొని ఉన్న. సేటు కుర్చీ ఏసుకొని కూసున్నడు, "కానియ్యి చెన్నప్పా, కానియ్యి, వానొచ్చేటట్టున్నది" అంటున్నడు. పగటీలి పన్నెండు గంటలైతుండొచ్చు. అప్పుడు సర్కార్ దవాఖాన జీపు వచ్చి ఆగింది, అండ్ల డాక్టర్ గూడ ఉన్నడు. డ్రైవర్ తల బయటికి పెట్టి, "చింతల్‌గేర ఎక్కడన్నా? ఎవరికో పురుగు ముట్టిందంట, లారీ డ్రైవర్ వచ్చి చెప్పి పోయిండు. ఊరు ఎవ్వరికి తెలుస్తలే. మీ చెల్లెను అక్కడనే ఇచ్చిన్రు గద అని నీ తానకు తోలిన్రు" అన్నడు. పురుగంటే పాము బిడ్డా, పేరు తియ్యకపోదుము అప్పుడు. ఈయన నిచ్చెన మీదికెల్లే చెప్పిండు. కుంచె పట్టుకున్న చెయ్యి అట్ల చాపి, "చిరాగ్‌పల్లి దాటు, చిన్న మోరీ వస్తది, దాని ముంగట పెద్ద చింత చెట్టు, అక్కడ ఎడమకు దిగు. తప్పిపోనే పోవు" అన్నడు. డ్రైవర్ "నువ్వు గూడ రా అన్నా, చూపిస్తవు" అన్నడు. ఈయన సేటు దిక్కు చూసిండు. సేటు ఊకె ఆకాశం దిక్కు చూసిండు. "ఏం అవసరం లేదప్పా, చెట్టు నీకు మైలు దూరం నుంచి కనిపిస్తది" అన్నడు ఈయన. జీపు పోయింది. ఈయన మల్ల అక్షరం మీద పడ్డడు.

పాము కరిచింది ఎవరినో ఆ డ్రైవర్‌కు తెల్వది, ఈయనకు తెల్వది, నాకు తెల్వది. పెసరచేన్ల కలుపు తీస్తుంటే నాగమ్మను కరిచింది.

ఆ చెట్టు లేదు బిడ్డా. అప్పటికి ఎనిమిది దినాల కిందనే కొట్టేసిన్రు. మొద్దు గూడ లేకుంట ఏర్లతోటి తవ్వుక పోయిన్రు, మీద ఎర్ర మన్ను కప్పిన్రు. మోరీలేమో ఆ రోడ్డు మీద మస్తున్నయి, జీపాయన చెట్టు కోసం చూసుకుంట చూసుకుంట కర్ణాటక హద్దు దాటి పోయిండు. అక్కడ ఎవరినో అడిగితే వాళ్లు గూడ అదే చెప్పిన్రు, చింత చెట్టు కాడ మళ్లు అని. మల్ల వెనకకు మర్రి వచ్చిండు, మల్ల దాటిపోయిండు. ఆఖరికి మేకలు కాసే ఒక ముసలామె బాట చూపెడితే ఊర్లకు పోయిండు. రెండు గంటలు. డాక్టర్ సూది చేతుల పట్టుకొనే జీపు దిగిండంట. అప్పటికే అయిపోయింది.

ఆ కబురు మాకు పొద్దుగూకే యాళ్లకు వచ్చింది. బోర్డు అయిపోయింది, ఈయన కిందికి దిగి, వెనకకు జరిగి, తల వంచి చూసుకుంటున్నడు. నేను చెప్పిన. నేనే చెప్పాల్సొచ్చింది. ఏడ్వలే. బోర్డు దిక్కు చూసి, నా దిక్కు చూసి, "నేను నిచ్చెన దిగలేదు జగనూ" అన్నడు. గా ఒక్క మాట. ఆ మాట మా ఇద్దరి నడుమనే ఉండె. ఊర్ల ఎవ్వరికి తెల్వది. అందరు ఏమనుకున్నరు, పాపం దారి తప్పిన్రు, చెట్టు కొట్టేసిన్రు, ఏం చేస్తరు అనుకున్నరు. చెట్టు రోడ్డోళ్లు కొట్టుకపోయిన్రని గురులింగప్ప చెప్పిండు, నిజమే అనుకున్నం. సర్కార్ రోడ్డు, సర్కార్ చెట్టు.

నెల దినాలు దుకాణం తియ్యలే. వాళ్ల ఇంటామె శరణమ్మ వచ్చి నాతోటి మొత్తుకునేది. "అన్నా, జర నువ్వన్న చెప్పు. తినడు, మాట్లాడడు, చేతులు చూసుకుంట కూసుంటడు." ఒకనాడు శుక్రారం పొద్దుగాల వచ్చిండు. నెరిసిన గడ్డం, ఒక చేతుల తెల్ల రంగు డబ్బ, ఒక చేతుల నల్ల రంగు డబ్బ. "సైకిల్ ఇయ్యి" అన్నడు. "ఏడికన్నా" అన్న. "చింతల్‌గేర మలుపుకు." నాకు భయమైంది, షాపు బంద్ పెట్టి నేను గూడ పోయిన. మలుపు కాడ మనిషెత్తు గుండున్నది, ఎర్ర రాయి. దాన్ని కడిగిండు, తెల్ల రంగు పూసిండు, ఆరినంక నల్ల రంగుతోటి రాసిండు, చింతల్‌గేర. మూడు రాతల్ల. ఇంత ఇంత అక్షరాలు. లారీల పోయేటోడు చదువుకోవాలె. రాసి, దాని కింద కూసున్నడు. అప్పుడు ఏడ్చిండు.

నేను గదే ఆఖరనుకున్న. వచ్చే శుక్రారం మల్ల వచ్చిండు. "ఇంకో ఊరున్నది జగనూ, దానికి గూడ రోడ్డు మీద పేరు లేదు." గట్ల మొదలైంది బిడ్డా. ఇగ శుక్రారం శుక్రారం పోవుడే. నేను పదిట్ల నాలుగు సార్లు పోయేటోన్ని. అటు చిరాగ్‌పల్లి, ఇటు రాయికోడ్ దిక్కు, ఝరాసంగం దిక్కు, సైకిల్ పోయినంత దూరం పోయేటోళ్లం, తర్వాత నడిచేటోళ్లం. ఊర్లకు పోంగనే ఈయన ఏమడిగేటోడు తెల్సునా? "అప్పా, మీ ఊర్ల పోనిది ఏమున్నది?" వాళ్లకు సమజ్ గాకపోతుండె. "పోనిదంటే ఏందన్నా?" అంటే, "చెట్టు పోతది, ఇల్లు పోతది. రేపు ఎవరన్న అడిగితే గుర్తు చెప్పనీకి, ఎన్నడు పోనిది ఏమున్నది మీకు?" అనేటోడు. ఊరి పేరు రాసి దాని కింద చిన్నగ ఆ గుర్తు రాస్తుండె.

గప్పుడు తెలిసినయి నాకు మన ఊర్లు. పుట్టి పెరిగింది ఈడనే, ఏం ఎరుక నాకు? ఆ గంట గుండు గట్లనే తెలిసింది. ఊరు వెనక మిట్ట మీద ఉంటది, చిన్న రాయి పట్టుకొని కొడితే ఖంగుమని మూడు చేన్ల దూరం ఇనొస్తది. ఊరోళ్లు తప్పిపోయిన బర్రెను పిలవనీకి కొడ్తరంట, బర్రె మర్రి వస్తదంట! ఇంకో ఊర్ల ఒకటే బాయికి రెండు దిక్కుల మెట్లు, తూర్పు దిక్కు తోడితే నీళ్లు తీపి, పడమటి దిక్కు జర ఉప్పన. నేను నమ్మలే. చెన్నబసప్ప రెండు చెంబులు తెప్పిచ్చి నాకు తాపిచ్చిండు. నిజమే. హద్దు మీద ఒక ఊరున్నది, అక్కడ మహాదేవప్ప అని ఒక రైతు, ఆయన వంటిల్లు మన దిక్కు, కొట్టం కర్ణాటక దిక్కు. "మా ఎడ్లు కన్నడం, మేము తెలుగు" అని నవ్విండు. ఝరాసంగం దిక్కు సంగమ్మ అని ఒక ఆమె ఉండె, ఎకరన్నర చేను, అది గూడ రాళ్ల చెలక. అండ్ల ఇరవై రకాల పంట! సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుములు, నాకు పేర్లే తెల్వనియి. ఇత్తులు బూడిదల కలిపి గుల్లల దాచేది. ఆ ఊర్ల పోనిది ఏమున్నదని మొగోళ్లందరు ఆలోచన చేస్తుంటే, సంగమ్మ వాకిట్లకెల్లి, "నా ఇత్తులు పోవు. మా అవ్వకు వాళ్ల అవ్వ ఇచ్చింది" అన్నది. మొగోళ్లు నవ్విన్రు. చెన్నబసప్ప నవ్వలే. రాయి మీద రాసిండు: సంగమ్మ ఇత్తులు దొరుకును.

అన్ని చోట్ల మర్యాద చేసిన్రనుకోకు. ఒక పెద్ద ఊరున్నది, పేరెందుకులే. దానికి వాగవతల ఇరవై గుడిసెలు. పెద్దూరోళ్లు దాన్ని అవతలోళ్లు అవతలోళ్లు అంటరు తప్ప పేరు పెట్టి పిల్వరు. చెన్నబసప్ప వాగు దాటి పోయిండు. యాదమ్మ అని ముసలామె, వాకిట్ల చాట పట్టుకొని కూసున్నది. "అమ్మా, మీ ఊరి పేరేంది?" అన్నడు. ఆమె చాట కింద పెట్టింది. "ముత్యాలగూడెం అయ్యా. మా తాత చెప్పేటోడు. నాకు డెబ్బై ఏండ్లు, నన్ను ఇంతదనుక ఎవ్వరు అడగలే" అన్నది. రాసిండు, రోడ్డు మీద, మంచి గుండు చూసి. వారం దినాలల్ల ఎవరో డాంబర్ పూసిన్రు దాని మీద. ఎవరో అంటే ఎవరో ఏంది, అందరికి ఎరుకే. ఈయన మల్ల పోయి, డాంబర్ గీకి, మల్ల రాసిండు. మల్ల పూసిన్రు. ఆ పెద్దూరి పటేల్ చెన్నబసప్పను పిలిచి, "నీకెందుకయ్యా, మా హద్దుల నీ అక్షరాలు? అది ఊరు గాదు" అన్నడు. నేను పక్కకే ఉన్న, రంగు డబ్బలు పట్టుకొని. ఈయన పొడుగు మనిషి గద, వంగి చేతులు జోడిచ్చి, మెత్తగ, "దొరా, మీ ఇంట్ల ఎవరికన్న కష్టమొస్తే డాక్టర్‌కు మీ ఇల్లు దొరుకుతది. వాళ్లకు గూడ దొరకాలె గద. నేను బతికున్నన్ని శుక్రారాలు వచ్చి రాస్త" అన్నడు. మూడోసారి రాయనీకి పోతే చూస్తే, యాదమ్మ, వాళ్ల కోడండ్లు, పిల్లలు, గుండు సుట్టు కూసున్నరు. దినానికి ఒక ఇంటోళ్లు కావలి ఉంటున్నరంట. ఇగ డాంబర్ పడలే. రెండేండ్లకు ఒక నిండు చూలాలికి నొప్పులొస్తే అదే దవాఖాన జీపు, అదే డ్రైవర్, రాయి చూసి తిన్నగ పోయిండు. తల్లి, పిల్ల మంచిగున్నరని ఆ డ్రైవర్ మా బజారుకొచ్చి చెప్పిండు. చెన్నబసప్ప విని, "హౌదా, అవునా" అన్నడు. లోపటికి పోయి చానా సేపు బయటికి రాలే.

ఇగ గురులింగప్ప సంగతి. నాగమ్మ పోయినంక ఆయన మల్ల పెండ్లి చేసుకోలే. సంత దినం వస్తుండె, బావ దుకాణంల జర సేపు కూసుంటుండె, ఇద్దరు ఏం మాట్లాడకపోదురు. చాయ్ తాగుతరు, పోతడు. ఆయన మొకం చూడాల్నంటే చెన్నబసప్పకు ధైర్యం లేదు. ఈయన ఎందుకు చూడడో నాకు ఎరుక. ఆయన గూడ ఈయన మొకం చూడకపోతుండె, అదెందుకో నాకు అప్పుడు తెల్వది. ఎనభై మూడుల అనుకుంట, గురులింగప్ప వచ్చి, "బావా, నాగమ్మ సమాధి మీద రాయి నిలబెట్టిస్తున్న. పేరు నువ్వు రాయాలె" అన్నడు. చెన్నబసప్ప చేతులున్న చాయ్ కప్పు కింద పెట్టిండు. తొమ్మిదేండ్లల్ల ఎన్ని ఊర్లు రాసిండో లెక్క లేదు. ఆ ఒక్క పేరు రాయనీకి చెయ్యి రాలే ఆయనకు. నాలుగు శుక్రారాలు ఏదో ఒకటి చెప్పి తప్పిచ్చుకున్నడు. ఐదో శుక్రారం నేను సైకిల్ తెచ్చి ముంగట పెట్టి, "ఎక్కు అన్నా, నేను తొక్కుత" అన్న.

చేను గట్టు మీదనే సమాధి. పొద్దు మంచిగున్నది, చుట్టు పెసర పూత. గురులింగప్ప రాయి కడిగి పెట్టిండు. ఈయన కూసున్నడు, కుంచె ముంచిండు, ఎత్తిండు, మల్ల డబ్బల పెట్టిండు. మల్ల ఎత్తిండు. రంగు చుక్కలు చుక్కలు ధోతి మీద పడుతున్నయి. ఆఖరికి కుంచె కింద పెట్టి, "బావా, నేను రాయొద్దు. రాసే హక్కు నాకు లేదు" అన్నడు. గురులింగప్ప "గట్లెందుకంటవు" అన్నడు. చెప్పేసిండు బిడ్డా, అంతా చెప్పేసిండు. నిచ్చెన సంగతి, డ్రైవర్ రమ్మన్న సంగతి, సేటు మొకం చూసిన సంగతి. "నేను ఆ జీపుల కూసుంటే చెట్టు లేకున్నా బాట గుర్తు పడుదును. బోర్డు కోసం నా చెల్లెను చంపుకున్న" అన్నడు. నేను గురులింగప్ప దిక్కు చూస్తున్న, కొడ్తడా ఏందని. గట్టి మనిషి, చేతులు నాగలి కర్రల లెక్క. ఆయన కదల్లే. నేల దిక్కు చూస్తున్నడు. చూసి చూసి, "ఆ చెట్టు రోడ్డోళ్లు కొట్టలే" అన్నడు. మాకు సమజ్ కాలే. "నేను అమ్మిన బావా. ఇటుక బట్టీ వాళ్లకు. సర్కార్ చెట్టు గద అని దొంగతనంగ అమ్మిన. ఇల్లు కారుతున్నది, పెద్ద వానలు ముంగటున్నయి, రేకులు ఏపియ్యి రేకులు ఏపియ్యి అని నాగమ్మ ఒకటే అడుగుతుండె. చెట్టు అమ్మి రేకులేపిచ్చిన. ఎనిమిది దినాలు పండుకున్నది ఆమె ఆ రేకుల కింద." గింతే అన్నడు.

నేను అక్కడుండొద్దని లేచి సైకిల్ కాడికి పోయిన. దూరంగకెల్లి చూస్తే, గురులింగప్ప కుంచె తీసి, మన్ను తుడిచి, చెన్నబసప్ప చేతుల పెడ్తున్నడు. నేను మర్రి పోయేసరికి పేరు అయిపోయింది. నాగమ్మ, మూడు రాతల్ల. అసలు ఆమెకు ఏ రాతా రాదు. ఆనాడు గురులింగప్ప ఇంట్ల తిన్నం. ఇద్దరు ఒకటే తల్లెల తిన్నరు, మాట్లాడుకుంట తిన్నరు. ఏం మాట్లాడిన్రంటవా? ఏమున్నది, ఎద్దు కాలు గురించి, అల్లం ధర గురించి. తొమ్మిదేండ్ల సంది ఆగిపోయిన ముచ్చట్లు గద.

గప్పటి సంది శుక్రారం నాకు సెలవు దొరికింది. గురులింగప్పనే పోయేటోడు ఆయనతోటి. మొదలు డబ్బలు మోసేటోడు, తర్వాత సైకిల్ తొక్కేటోడు. ఎందుకంటే చెన్నబసప్పకు కండ్లు మబ్బుపట్టినయి. మోతిబిందు. ఆపరేషన్ చేయిపిచ్చుకో అంటే "అట్లనే, అట్లనే" అనేటోడు, చేయిపిచ్చుకోలే, భయం. బోర్డుల పని బంద్ అయింది. ఎనభై ఏడుల, చలికాలం, ఇంకొక్క ఊరున్నది అన్నడు. రాయికోడ్ దిక్కు, బుడ్డ ఊరు, పదిహేనిండ్లు, కుమ్మరోళ్లవి. అక్కడి మట్టితోటి చేసిన కుండల నీళ్లు ఎండాకాలం పండ్లు జిల్లుమంటయి. నోట్ల పండ్లు బిడ్డా, తినేటియి గాదు. ఆనాడు నేను గూడ పోయిన. గుండుకు తెల్ల రంగు ఏసినం. ఈయనకు అక్షరం కనిపిస్తలే. గురులింగప్పకు అక్షరం రాదు, యేలిముద్ర మనిషి. ఎట్ల మరి? ఈయన గురులింగప్ప చేతుల కుంచె పెట్టి, వెనక నిలవడి, ఆయన మనికట్టు పట్టుకొని ఆడిచ్చిండు. ఇద్దరు ముసలోళ్లు, ఒకని వెనక ఒకడు, ఎండల. ఒక్కొక్క అక్షరానికి ఎంత సేపు! "ఇట్ల తిప్పు, ఆగు, ఆగు, కిందికి తే, తోక... హాఁ." అయినంక, "ఎట్లొచ్చింది జగనూ?" అన్నడు. ఏం చెప్పాలె? కోడిపిల్లలు కొట్లాడినట్టుంది. "నెమలన్నా, నెమలే" అన్న. ఈయన దగ్గరికి పోయి, తడి రంగు మీదనే వేళ్లు పెట్టి తడుముకుంట, అంతా తడుముకుంట చూసిండు. "అబద్ధాలు చెప్తున్నవు" అని నవ్విండు. చెరపలే మాత్రం. జిందగీల మొదటిసారి, వంకర అక్షరం రాసి చెరపలే.

తర్వాత ఏడాది పోయిండు. నిద్రల పోయిండు, బాధ పడలే. రంగు డబ్బలు, కుంచెలు గురులింగప్ప వచ్చి తీసుకపోయిండు, శరణమ్మనే ఇచ్చింది.

చానా దినాలకు, ఎనభై తొమ్మిదుల అనుకుంట, నేను రాయికోడ్ నుంచి బస్సుల వస్తున్న. కిటికీలకెల్లి చూస్తే ఆ కుమ్మరోళ్ల ఊరి గుండు కాడ ఎవరో కూసున్నడు. గురులింగప్ప. బస్సు ఆపిచ్చి దిగిన. వానకు పోయిన అక్షరాలకు మల్ల రంగు పెడ్తున్నడు. ఆ వంకర పోకుంట, ఆ గీత మీదనే, మెల్లగ మెల్లగ. "ఏం రాసున్నదో తెల్సునా గురులింగప్పా?" అన్న. తల ఎత్తకుంటనే అన్నడు, "నాకేం తెలుస్తది జగనన్నా. మా బావ చెయ్యి ఏడికెల్లి ఏడికి తీసుకపోయిందో, నాకు గదొక్కటే ఎరుక."

...

అగో, పాలు పొంగినట్టున్నయి బిడ్డా. మీ అమ్మమ్మ పొయ్యి మీద పెట్టి మర్చిపోయి ఉంటది. ఉరుకు, ఉరుకు జర.